పాత కారు వెనక బ్రేకులు, హ్యాండ్ బ్రేక్: బిగించి సరిపెట్టాలా, సామాన్లు మార్చాలా? ఏది మేలు?

వాలులో కారు ఆపి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, గేరులో పెట్టి, అప్పటికీ నమ్మకం కుదరక దిగి వెనక టైరు కింద రాయి పెట్టేవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉన్నారు. విజయనగరం ఊరు చాలావరకు చదును కాబట్టి ఈ లోపం రోజూ బయటపడదు. ఎత్తు బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగినప్పుడు కాస్త తెలుస్తుంది. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి అరకు ఘాట్ ఎక్కితే పూర్తిగా తెలుస్తుంది. రాయి అవసరం పడుతోందంటే వెనక బ్రేకులు విప్పి చూడాల్సిన సమయం వచ్చినట్టే.

ఆల్టో, వేగనార్, శాంట్రో, ఇండికా లాంటి పాత చిన్న కార్లకు వెనక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది. అందుకే ఆపే పనిలో పెద్ద వాటా ముందు డిస్కులది. ముందు ప్యాడ్లు అరిగితే కీచుమని చెబుతాయి. వెనక షూలు (డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) మాత్రం ఏళ్ల తరబడి డ్రమ్ము లోపల కనబడకుండా ఉండిపోతాయి, ఎవరూ పట్టించుకోరు. హ్యాండ్ బ్రేక్ పనిచేసేది కూడా ఆ షూల మీదే. లివర్ లాగితే కేబుల్ షూలను డ్రమ్ముకు నొక్కుతుంది, అంతే. కాబట్టి హ్యాండ్ బ్రేక్ పట్టకపోతే తప్పు లివర్‌లోనే ఉందని ముందే అనుకోకూడదు.

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. "రెండు మరలు బిగించేస్తాను బాబూ, సరిపోద్ది" అని లివర్ దగ్గరున్న నట్టు తిప్పి పంపించే షెడ్లు ఉన్నాయి. పది నిమిషాల పని, ఖర్చూ తక్కువ. లివర్ తక్కువ క్లిక్కులకే గట్టిగా నిలబడుతుంది కాబట్టి మనకీ పని బాగా జరిగిందనిపిస్తుంది. కానీ ఇది రోగాన్ని కప్పేయడమే. షూ అరిగే కొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని సర్దడానికి డ్రమ్ము లోపల అడ్జస్టర్ ఉంటుంది. అది తుప్పు పట్టి బిగుసుకుపోతేనో, తప్పుగా బిగించి ఉంటేనో ఖాళీ అలాగే మిగిలిపోతుంది. అప్పుడు లోపల సర్దకుండా కేబుల్‌ను బయట నుంచి లాగి కడితే డ్రమ్ము లోపల షూకు ఉన్న చిన్న లివర్ తన చోటికి పూర్తిగా వెనక్కి రాదు. చాలా బండ్లలో అలా ఉన్నంతకాలం అడ్జస్టర్ సరిగా పనిచేయదు. పైగా షూలు డ్రమ్మును రాసుకుంటూ తిరుగుతాయి, డ్రమ్ము వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. కాలి బ్రేకు లోతుగా దిగడం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అందుకే వరస ఇలా ఉండాలి: ముందు కేబుల్ వదులు చేయాలి, తర్వాత డ్రమ్ము లోపల షూలు సర్దాలి, చివరగా కేబుల్ బిగించాలి. లివర్ ఎన్ని క్లిక్కులకు నిలబడాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మూడు నాలుగు క్లిక్కులు ఎక్కువొస్తే బిగించమనడం కాదు, డ్రమ్ము విప్పమని అడగండి.

విప్పాక షూల సంగతి. ఇక్కడ మూడు దారులున్నాయి: కంపెనీ షూ సెట్టు, పేరున్న విడిభాగాల తయారీదారు సెట్టు, పాత షూలకే కొత్త లైనింగ్ (షూ మీద ఉండే, రాపిడికి అరిగే పొర) వేయించడం. లైనింగ్ మందం 1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే ఇక ఆలోచించకుండా మార్చాలి. మూడో దారికి మన దగ్గర గిరాకీ ఎక్కువ. లారీలకు, ట్రాక్టర్లకు పాత షూ మీద కొత్త లైనింగ్‌ను రివెట్లతో కొట్టే పని ఏళ్లుగా జరుగుతోంది, వాటికి అది సరైన పద్ధతే. చిన్న కార్ల షూలకు మాత్రం లైనింగ్ సాధారణంగా అంటించి ఉంటుంది. ఆ జిగురు సరిగా పట్టాలంటే పాత పొర పూర్తిగా గీకి, తగిన ఒత్తిడితో బిగించి, తగిన వేడిలో ఉంచాలి. ఆ ఏర్పాటు లేని చోట అంటించిన లైనింగ్ ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కినప్పుడు ఊడిందంటే చక్రం పట్టేయవచ్చు. కారుకు ఇది వద్దని గట్టిగానే చెబుతాను. మిగిలే డబ్బు ఆ ప్రమాదానికి తగదు.

కంపెనీ సెట్టుకూ పేరున్న వేరే కంపెనీ సెట్టుకూ మధ్య నేను పెద్ద తేడా చూడను. కార్ల కంపెనీలు కూడా బ్రేకు సామాన్లను చాలావరకు బయటి తయారీదారుల దగ్గరే కొంటాయి. భయపడాల్సింది నకిలీకి. పెట్టె కంపెనీది, లోపల సరుకు ఎవరిదో తెలియదు. బిల్లు ఇవ్వనంటే ఆ కొట్టు దగ్గర కొనకండి. ఇంకో మాట, షూలతో పాటు స్ప్రింగులు కూడా మార్చండి. ఏళ్ల తరబడి వేడికి సాగిన స్ప్రింగు షూను వెనక్కి లాగలేదు. వాటి ధర చాలా తక్కువ, అయినా అందరూ వదిలేసేది వాటినే.

కాలి బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడితో షూలను డ్రమ్ముకు తోసేది వీల్ సిలిండర్. దాని దగ్గర నా అభిప్రాయం ఇంకా గట్టిది. చివర ఉన్న రబ్బరు తొడుగు కొంచెం పైకెత్తి చూడండి. లోపల తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టే. అది లైనింగ్‌కు పట్టిందంటే కొత్త షూ అయినా పారేయాల్సిందే. ఇక్కడ రెండు దారులు: లోపలి రబ్బర్లు మాత్రం మార్చే కిట్టు, లేదా మొత్తం సిలిండర్. కిట్టు బాగా చవక. సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటే కిట్టు పనిచేస్తుంది. కానీ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్‌ను ఏళ్లకేళ్లు వదిలేసిన బండిలో ఆ తేమకు గోడ మీద తుప్పు గుంటలు పడతాయి. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఉంచే బండ్లకు బయటి తుప్పు బెడద కూడా తోడవుతుంది. గుంటలున్న గోడ మీద కొత్త రబ్బరు ఎక్కువ కాలం నిలవదు, మళ్లీ విప్పాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. పదేళ్లు దాటిన కారుకు రెండు వైపులా కొత్త సిలిండర్లే మేలు. రబ్బర్లను పెట్రోలుతో గానీ కిరోసిన్‌తో గానీ కడగనివ్వకండి, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

డబ్బు మిగుల్చుకోగలిగేది డ్రమ్ము దగ్గర. లోపల గీతలు పడినంత మాత్రాన కొత్తది కొననక్కర్లేదు. లేతు మిషన్ మీద టర్నింగ్ చేయిస్తే, అంటే లోపలి గోడను పలచగా చెక్కి నున్నగా చేయిస్తే, చాలా డ్రమ్ములు మళ్లీ పనికొస్తాయి. ఎంతవరకు తీయవచ్చో సాధారణంగా డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. లోపలి వ్యాసం 180 మిల్లీమీటర్లున్న డ్రమ్ముకు 182 హద్దు అని ఉంటే, టర్నింగ్ తర్వాత ఆ హద్దుకు లోపలే ఉండాలి, ఎందుకంటే ఇంకా కొంత అరుగుతుంది. రెండు డ్రమ్ములనూ ఒకే కొలతకు తీయించాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. పగులు ఉంటే, వేడికి నీలం మచ్చలు పడితే, హద్దు దాటితే కొత్తదే. కొన్ని కార్లలో బేరింగు డ్రమ్ములోనే ఉంటుంది, వాటికి కొత్త డ్రమ్ము ఖర్చు ఇంకా పెరుగుతుంది కాబట్టి టర్నింగ్ ఇంకా లాభం. సెకండ్ హ్యాండ్ డ్రమ్ము కొనే ముందు కొలత వేయించండి, చూపుతో తేలదు.

కేబుల్‌కు ఆయిల్ పోసి నడిపించడమా, కొత్తదా? తొడుగు చిట్లి నీళ్లు దిగిన కేబుల్ లోపల తుప్పు పట్టి వెనక్కి రాదు. ఆయిల్ పోస్తే కొన్నాళ్లు కదులుతుంది, వానాకాలంలో మళ్లీ మొదటికొస్తుంది. కొత్తదే వేయించండి, రెండు చక్రాలకు వేర్వేరు కేబుళ్లుంటే రెండూ ఒకేసారి.

ఇక ఎక్కడ చేయించాలి? కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పద్ధతి ఉంటుంది, బిల్లు ఉంటుంది, సామాన్లు అసలైనవి. కానీ అక్కడ టర్నింగ్ మాట ఎత్తరు, డ్రమ్ము మార్చేయమంటారు. లోపల ఏం చేశారో మనకు కనబడదు. పాత కారుకు నేను మొగ్గేది నమ్మకమైన షెడ్డు వైపే, అయితే సామాన్లు మనమే బిల్లుతో కొనివ్వాలి, విప్పేటప్పుడు పక్కన నిలబడాలి. ఊళ్లో దొరకనివి విశాఖ ఆటోనగర్‌లో వెతకవచ్చు. మంచి మెకానిక్ ఒక చక్రం పూర్తయ్యాకే రెండోది విప్పుతాడు, స్ప్రింగు ఏది ఎక్కడో చూసుకోవడానికి. అడ్జస్టర్లలో ఎడమది, కుడిది వేరు. తారుమారైతే అవి సర్దుకోవు. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదడం కాకుండా, డ్రమ్ము మీద మర రంధ్రాలుంటే వాటిలో బోల్టులు బిగించి బయటికి తోయిస్తాడు. దుమ్మును గాలి పైపుతో ఊదడం చూస్తే ఆపమనండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవడమే మంచిది, ఆ మెకానిక్ ఊపిరితిత్తుల కోసమైనా.

అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే సిలిండర్లు, షూలు, స్ప్రింగులు, బ్రేక్ ఆయిల్ ముందు. వీటిలో దేనికీ వాయిదా వద్దు. కేబుల్ ఇంకా సాఫీగా కదులుతుంటే ఒక నెల ఆగవచ్చు. గీతల డ్రమ్ము హద్దులోపల ఉంటే టర్నింగ్‌తో ముగించండి.

పని అయిన మర్నాడే అరకు ప్రయాణం పెట్టుకోకండి. కొత్త షూలు డ్రమ్ము వంపుకు సరిగా ఒదగడానికి కొన్ని రోజుల తిరుగుడు కావాలి. అంతవరకు బ్రేకు పట్టు పూర్తిగా రాదు. వారం పాటు ఊళ్లో నడిపి, ఎక్కడా బ్రేకు తొక్కకుండా కాస్త దూరం వెళ్లి ఆపి, వెనక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంటే వేడిగా ఉన్న వైపు షూ రాసుకుంటోంది. షెడ్డుకు తీసుకెళ్లి మళ్లీ సర్దించుకుని, హ్యాండ్ బ్రేక్ క్లిక్కులు కూడా లెక్క చూసుకుని, అప్పుడు ఘాట్ ఎక్కండి.