పాత హామండ్ ఆర్గన్: అసలు రూపానికి తేవాలా, మార్పులతోనే బాగుచేసుకోవాలా?

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అండీ, మా దగ్గర పాత ఆర్గన్ ఒకటుంది, ఎవరెవరో విప్పి ఏవేవో పెట్టారు, దాన్ని మళ్లీ కంపెనీ నుంచి వచ్చినట్టు చేయించాలా, ఉన్నదాన్నే నడిపించుకోవాలా, లేక లోపలంతా తీసేసి డిజిటల్ బోర్డు పెట్టించాలా?" నేను పోయిన ఏడాది హామండ్ అనే అమెరికా కంపెనీ చిన్న మోడల్ ఆర్గన్ ఎం-3 ఒకదాని విషయంలో ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి, దాన్ని పట్టుకునే చెబుతాను.

అది ముందు ఒక చర్చిలో ఉండేది, తర్వాత ఆర్కెస్ట్రా వాళ్ల చేతికి వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి కాళ్లు కోసేసి ఉన్నాయి, పెడల్స్ లేవు, వాల్వు యాంప్లిఫయర్ తీసేసి దాని చోట టేపురికార్డరు షాపుల్లో కట్టే ట్రాన్సిస్టర్ బోర్డు బిగించారు, ముందు పలకకు రంధ్రాలు పెట్టి రిథమ్ బాక్సు స్విచ్చులు దించారు. అన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం బయటికి కనిపించదు. అసలు మోటారు పీకేసి, కుట్టుమిషన్ మోటారొకటి బెల్టుతో తగిలించారు.

ఎందుకలా చేశారో తెలిస్తే ఆ మెకానిక్‌ను తిట్టబుద్ధి కాదు. హామండ్‌లో స్వరం పుట్టేది ట్రాన్సిస్టర్లలో కాదు, తిరిగే ఇనుప చక్రాల్లో. అంచున గంట్లున్న చక్రం అయస్కాంతం పక్కన తిరుగుతుంటే దాని కాయిల్‌లో స్వరం పుడుతుంది. 1935లో ఈ ఆర్గన్‌ను మార్కెట్లోకి తెచ్చిన లారెన్స్ హామండ్ అంతకుముందు కరెంటు గడియారాలు చేసినవాడు, అందుకే ఇందులోనూ గడియారం మోటారు లాంటిదే పెట్టాడు. ఆ మోటారు వేగం వోల్టేజీని బట్టి మారదు, కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి తిరుగుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకు 50. ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని 117 వోల్టులు ఇచ్చినా ఫ్రీక్వెన్సీ మాత్రం 50 గానే ఉంటుంది, చక్రాలు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతాయి. 440 దగ్గర పలకాల్సిన స్వరం దాదాపు 367 దగ్గర పలుకుతుంది. హార్మోనియం లెక్కలో మూడు మెట్లు దాటి కిందికి జారుతుందన్నమాట. సరిగ్గా మూడు మెట్లయితే వాయించేవాళ్లు ఎలాగో సర్దుకునేవాళ్లు, ఆ పైన ఇంకొంచెం ఉంది కాబట్టి పక్కన ఏ వాద్యంతోనూ కలవదు.

అందుకే కుట్టుమిషన్ మోటారు. వేగం పెంచుకోవచ్చు, శ్రుతి కలుస్తుంది. కానీ ఆ మోటారు వోల్టేజీని బట్టి పరిగెడుతుంది. మా వైపు సాయంత్రం చేపల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేసేసరికి లైట్లు కొంచెం మసకబారతాయి చూడండి, సరిగ్గా అప్పుడే ఈ ఆర్గన్ గొంతు కిందికి జారిపోయేది. పాట సగంలో ఉండగా వాయించేవాళ్లకు అదెంత నరకమో నేను దగ్గరుండి చూశాను. పైగా వైబ్రాటో, అంటే స్వరానికి వణుకు, ఇచ్చే స్కానర్ అసలు మోటారుకే బిగించి ఉంటుంది. మోటారు పీకినప్పుడు అదీ పోయింది. రెండూ గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టి ఉండడం మా అదృష్టం.

కాబట్టి నన్నడిగితే, నిర్ణయం మొత్తం ఇక్కడే ఉంది. యాంప్లిఫయర్ మారిందా, చెక్క కోసేశారా అన్నది తర్వాతి మాట. చక్రాలు, వాటిని తిప్పే మోటారు అసలువే ఉన్నాయా, లేదా కనీసం తిరిగి బిగించే స్థితిలో ఉన్నాయా? ఉంటే అసలు రూపం వైపే వెళ్లండి. దారి ఇదీ: అసలు మోటారు పెట్టి, 120 వోల్టులు 60 హెర్ట్జ్ ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్‌ను బ్యాటరీ మీద నడిపి, ఆర్గన్ మొత్తానికి దాని నుంచే కరెంటు ఇవ్వడం. ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టర్ పనికిరాదు, అది ఇచ్చేదీ 50 హెర్ట్జే. యాంప్లిఫయర్ కూడా 60 మీదే నడిస్తే దాని ట్రాన్స్‌ఫార్మర్ అనవసరంగా వేడెక్కే గొడవ ఉండదు. కరెంటు పోయినా పాట ఆగదు, మనకు అదొక లాభం.

మార్పులతోనే నడిపించుకోవడంలో తప్పులేదు, కొన్నిచోట్ల అదే మంచిది కూడా. ఖర్చు తక్కువ, వారంలో పని అయిపోతుంది. కాకపోతే ఎవరో వేసిన వైరింగుకు డ్రాయింగు ఉండదు. ఏ వైరు ఎక్కడికి పోతుందో కనుక్కోవడానికే నాకు నాలుగు రోజులు పట్టింది, రేపు ఇంకొకరు విప్పినా అంతే. అసలు సర్క్యూటుకు మాన్యువల్ ఉంది, వాల్వు రేడియోలు చేసిన పెద్దవాళ్లెవరైనా చూసి అర్థం చేసుకోగలరు. ఇంకో సంగతి, ఎం-3లో పెర్కషన్, వైబ్రాటో సర్క్యూట్లు ఆ వాల్వు ఛాసిస్‌లోనే ఉంటాయి. దాన్ని తీసేసి ట్రాన్సిస్టర్ బోర్డు పెడితే శబ్దం పెద్దగా వస్తుంది గానీ, ఆ ఆర్గన్‌కు ప్రాణమైన ఠక్కుమనే అంచు పోతుంది. అవుట్‌పుట్‌కు వాడిన 6వి6 వాల్వులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాత ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్చకుండా మాత్రం స్విచ్ వేయకండి, లోపల మూడొందల వోల్టుల చుట్టూ ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

మన గాలి సంగతి వేరే చెప్పాలి. 1964కు ముందువాటిలో టోన్ జనరేటర్ (చక్రాలుండే భాగం) మీద మైనపు కండెన్సర్లుంటాయి. ఏళ్ల తరబడి తేమ పీల్చి విలువ మారిపోయి, పైస్వరాలు మొద్దుబారతాయి. సముద్రం పక్కన ఇది ఇంకా ఎక్కువ. అన్నీ ఒకేసారి మార్చేస్తే మాత్రం పైస్వరాలు ఒక్కసారిగా అరిచినట్టు అనిపిస్తాయి, కొంతమందికి అది నచ్చదు. నేను ఒక్కో స్వరం కొలిచి, మరీ పడిపోయినవే మార్చాను. కీల కింద కాంటాక్టులకు చిలుము పడితే స్ప్రే కొట్టకండి, ఒక్కో కీని నలభై, యాభైసార్లు నొక్కి వదలండి, చాలావరకు అదే పోతుంది.

నూనె గురించి కూడా. షాఫ్టు బేరింగులకు నూనె దూది దారాల గుండా చేరుతుంది, ఏడాదికొకసారి పల్చటి నూనె పోస్తే చాలు. మాకు వచ్చినదానిలో ఎవరో కొబ్బరినూనె పోశారు. కోనసీమలో చేతికందేది అదే కదా, పాపం. దారాలన్నీ జిగురుగా, పసుపుపచ్చ మైనంలా గట్టిపడిపోయాయి. రెండు వారాలు రోజూ పల్చటి నూనె పోస్తూ చేత్తో షాఫ్టు తిప్పుతూ కూర్చున్నాం. మొదటి నాలుగు రోజులు అంగుళం కూడా కదల్లేదు, అయిదో రోజు సగం చుట్టు తిరిగింది. తొందరపడి మోటారు వేసి ఉంటే గేర్లు పోయేవి.

లోపలంతా తీసేసి డిజిటల్ బోర్డు పెట్టడం చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయినప్పుడు, లేదా వరదనీళ్లు లోపలికి వెళ్లినప్పుడు మాత్రమే. చక్రాలు బాగున్నదాన్ని అలా చేయకండి, అది నిజంగా బాధ కలిగించే పని. డ్రాబార్లు (హామండ్‌లో స్వరం రంగు మార్చుకోవడానికి లాగే పట్టీలు) ఉన్న కొత్త కీబోర్డు కొనుక్కోవడం ఊళ్లు తిరిగే ఆర్కెస్ట్రావాళ్లకు సులువు, బరువు తక్కువ, అంతే. వాక్స్, ఫార్ఫిసా లాంటి ట్రాన్సిస్టర్ ఆర్గన్లు ఉన్నవాళ్లకు ఈ 50, 60 గొడవే లేదు, వాటి స్వరం ఆసిలేటర్ల నుంచి వస్తుంది కాబట్టి వోల్టేజీ సరిగ్గా ఇస్తే చాలు.

మేము మోటారు, స్కానర్, వాల్వు ఛాసిస్ మూడూ వెనక్కి పెట్టాం. కోసేసిన కాళ్ల చోట టేకు స్టాండు చేయించాం, పెడల్స్ వదిలేశాం. రిథమ్ బాక్సు తీసేశాం గానీ ముందు పలక మీది రంధ్రాలు పూడ్చలేదు, అందులో ఒకదాన్ని ఇన్వర్టర్ స్విచ్చుకు వాడుకున్నాం. స్టార్ట్ స్విచ్ ఎనిమిది సెకన్లు పట్టుకుని, దాన్ని వదలకుండానే రన్ వేసి, ఇంకో నాలుగు సెకన్లాగి వదిలితే చక్రాలు అందుకున్నాయి. సి కీ నొక్కాం, పక్కన హార్మోనియం పట్టుకుని కూర్చున్న పెద్దాయన అదే మెట్టు నొక్కారు. రెండూ కలిసిపోయాయి, బయట ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.