పొట్ట కండరాల రోలర్: చక్రం మంచిదే, పట్టికే మార్చుకోవాలి

ఇంట్లో వ్యాయామానికని కొన్న ఈ రెండు చక్రాల రోలర్‌ను మూడు నెలలుగా వాడుతున్నాను. పిడుల రబ్బరు తొడుగు చెమట పట్టినా జారదు. చక్రాలు గచ్చు మీద పక్కకు ఒరగవు. మోకాళ్ల కింద వేసుకొనే మెత్త మాత్రం మరీ పలుచన కావడంతో, దాని కింద దుప్పటి మడిచి వేసుకోవలసి వస్తోంది.

నా అసలు అభ్యంతరం పెట్టెలో ఇచ్చిన 30 రోజుల పట్టిక మీద, ఎందుకంటే అందులో ఒక్క రోజు కూడా విశ్రాంతి లేదు. దాన్ని నమ్మి వరుసగా నాలుగు రోజులు చేశాక, తుమ్మినా పక్కటెముకల కింద పట్టేసేది. ఐదో రోజు నడుము కిందికి జారిపోతూ మూడుసార్లకు మించి చేయలేకపోయాను. పొట్ట కండరాలు కూడా తొడ కండరాల వంటివే, శ్రమ తర్వాత వాటికీ విశ్రాంతి కావాలి. పైగా రోలర్‌తో ముందుకు సాగేటప్పుడు అవి సాగుతూనే శరీర బరువును ఆపాలి కనుక, ఆ శ్రమ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రంగా ఉంటుంది.

ఇప్పుడు సోమ, గురువారాల్లో మాత్రమే ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు చేస్తున్నాను. ఇలా మార్చిన ఆరో వారానికి నడుము నిటారుగా నిలుపుకొంటూ పూర్తిగా సాగి వెనక్కి రాగలిగాను. పొట్ట కొవ్వు కరుగుతుందన్న ఆశతో మాత్రం దీన్ని కొనవద్దు. హెర్నియా లేదా నడుము నొప్పి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.