పేరు కనబడని బేరం: మార్కెట్ ఆటను మూడేళ్లు వాడాక

పలాస వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫస్టియర్ వాళ్లకి ఎకనామిక్స్ చెబుతాను. డిమాండు, సప్లయి పాఠానికి ఫోన్లలో ఆడించే మార్కెట్ ఆట ఒకటి మూడేళ్లుగా వాడుతున్నాను. ఇలాంటివి చాలానే ఉన్నాయి. వర్జీనియా యూనివర్సిటీ వాళ్ల వెకాన్‌ల్యాబ్ గురించి చాలామంది వినే ఉంటారు. నేను వాడేది అది కాదు, ఇంకొకటి. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. సగం మంది అమ్మకందారులు, సగం మంది కొనేవాళ్లు, అమ్మేవాళ్లకి బస్తా మీద పడిన ఖర్చెంతో, కొనేవాళ్లకి ఎంతదాకా పెట్టొచ్చో ఎవరి ఫోన్లో వాళ్లకే కనిపిస్తుంది. ఎవరి ధర వాళ్లు చెబుతూ బేరమాడాలి. అమ్మినవాళ్లకి ఖర్చు పోను మిగిలేది, కొన్నవాళ్లకి ఆ హద్దులో మిగుల్చుకున్నది లాభం.

నాకు నచ్చింది ఒక్కటే. బేరం పెట్టినవాళ్ల పేరు తెర మీద పడదు. ‘అమ్మకందారు 7’, ‘కొనుగోలుదారు 19’ అని మాత్రమే వస్తుంది.

మా క్లాసులో 54 మంది. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయ్యాక నోరు తెరిచేవాళ్లు ఇంకా తగ్గారు. ‘ఈక్విలిబ్రియం’, అంటే అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ లెక్క కుదిరే ధర, ఏమిటని అడిగితే మొదటి బెంచీ నలుగురూ చెబుతారు, మిగతా యాభై మందీ నోట్సులోకి చూస్తారు. ఆ యాభై మందీ ఈ ఆటలో బేరానికి దిగారు. నేను సరుకుగా జీడిపిక్కలు పెట్టాను, 80 కిలోల బస్తా లెక్కన. పుస్తకాల్లో ఉండే ‘విడ్జెట్’ అనే ఊహా సరుకు మా పిల్లలు ఎవరూ చూడలేదు గానీ పిక్కల బస్తా మోయనివాళ్లు తక్కువ. మొదటి రౌండులో ధర 9,800 నుంచి 13,200 దాకా ఎగిరింది. మూడో రౌండుకి 11,500 దగ్గర కుదురుకుంది. బోర్డు మీద నేను గీసిన డిమాండు, సప్లయి గీతలు కలిసే చోటు కూడా అదే. వెనక బెంచీ నుంచి ఎవరో “ఓలమ్మ” అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ పాఠానికి ఆ మాట నేను వినలేదు.

ఇక రెండో ఏడాది జరిగింది చెప్పాలి.

మధ్యాహ్నం భోజనాల బ్రేకులో అమ్మకందారులంతా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారట. 13,500కి తక్కువైతే ఎవరూ అమ్మకూడదు. నాకు తెలీదు. రౌండు మొదలైంది, తెర మీద బేరమే లేదు. కిందటి రౌండులో 11,500కి కొన్నవాళ్లు 13,500 ఎందుకిస్తారు? రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. “ఏటి మేడమ్, ఒక్కలూ అమ్మడం లేదు” అని కొనేవాళ్లు గోల. సిగ్నల్ పోయిందేమోనని నేను టెన్షన్ పడి రూటర్ దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి క్లాసంతా గొడవ. అమ్మకందారు 11 ఒక బస్తా 12,400కి ఇచ్చేశారు. ఆ వెంటనే 12,100, ఆ తరవాత 11,800. నిమిషంలో ఒప్పందం గాలికి పోయింది. గ్రూపు పెట్టిన కుర్రాడు నిలబడి “ఎవులు ఆ పదకొండు?” అని అరుస్తున్నాడు. అందరూ అందరి మొహాలూ చూశారు. ఎవరూ చెప్పలేదు.

నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎవరన్నది కనిపిస్తుంది. కిటికీ పక్క కూర్చునే అమ్మాయి. సెమిస్టర్ మొత్తంలో హాజరు పలకడానికి తప్ప గొంతు వినిపించలేదు. ఆమెకి వచ్చిన ఖర్చు 9,000, క్లాసులో అందరికంటే తక్కువ. అంటే ఆగినకొద్దీ ఎక్కువ పోగొట్టుకునేది ఆమే. సాయంత్రం స్టాఫ్ రూమ్ దగ్గర ఆగి, నేను అడక్కుండానే అంది: “మా నాన్న కూడా ఏటేటా ఆగుదామనే అంటాడు మేడమ్. అప్పులోడు ఆగుతాడేటి?”

కూటమి ధరలు ఎందుకు నిలవవో ఆ చాప్టర్ రెండు నెలల తరవాత వచ్చింది. గంటన్నర పాఠం అనుకున్నది ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

అప్పట్లో కనిపించినవాళ్లందరికీ దీని గురించి పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి.

కిందటి ఏడాది యాప్‌లో ఏదో మార్పు వచ్చింది. పేరు దాచే మీట సెట్టింగుల్లో ఎక్కడో లోపలికి పోయింది. నేను చూసుకోలేదు. ఆ రోజు తెర మీద పేర్లు పడ్డాయి. తక్కువ బేరం పెట్టిన ఒక అమ్మాయిని “పిసినారి” అని ఎవడో అన్నాడు, నవ్వులు. ఆ తరవాత పావుగంటలో అమ్మాయిల వైపు నుంచి నాలుగు బేరాలు కూడా రాలేదు. కరెంటు పోయిన ఇంకో రోజు చీటీలతో ఆడించాను. 1950ల్లో అమెరికా ఆర్థికవేత్త వెర్నన్ స్మిత్ తన విద్యార్థులతో ఇదే ఆట ఆడించినప్పుడు ఆయనకి ఫోన్లు ఎక్కడివి? ఆ ప్రయోగాలు 1962లో అచ్చయ్యాయి, 2002లో నోబెల్ వచ్చింది. చీటీలతోనూ ధర కుదురుకుంది. కానీ ఎవరు అరుస్తున్నారో అందరికీ కనబడుతుంది కదా, మళ్లీ ఆ మొదటి బెంచీ నలుగురే బేరమాడారు.

పేరు దాచడంలో ఇంకో తిరకాసూ ఉంది. ఈ మధ్య ఒక రోజు ధర ఎంతకీ దిగలేదు. చూస్తే ముగ్గురు అమ్మకందారులు రెండేసి సెకన్ల తేడాతో ఒకే ధర చెబుతున్నారు. ఇద్దరు సినిమాకెళ్లి ఫోన్లు మూడోవాడి చేతిలో పెట్టారు! ప్రాక్సీ హాజరు చూశాను గానీ ప్రాక్సీ గుత్తాధిపత్యం చూడటం అదే మొదలు.

పరీక్షల సంగతంటారా, గ్రాఫులో నిలువుగీత మీద వేయాల్సిన ధరని అడ్డగీత మీద వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘బిడ్’, ‘ఆస్క్’ రెండూ తారుమారు చేసేవాళ్లూ ఉన్నారు, అందుకే ‘కొంటానన్న ధర’, ‘అమ్ముతానన్న ధర’ అని ప్రతిసారీ బోర్డు మీద రాస్తాను. విజయనగరంలో పనిచేసే మా మాస్టారొకరికి క్లాసులో 120 మంది. ఈ ఆట ఆయన రెండుసార్లు చూసి వదిలేశారు. పాఠం చివర ఐదు ప్రశ్నల క్విజ్ చాలంటారు. అంతమంది ఉంటే నేనూ అదే అనేదాన్నేమో. నాకు 54 మంది, అందులో చాలావరకు ఉద్దానం రైతుల పిల్లలు. 2018లో తిత్లీ తుపానుకి తోటలు పడిపోవడం చిన్నప్పుడు కళ్లారా చూసినవాళ్లు. తుపాను రౌండు పెట్టి అమ్మకందారుల్లో సగం మంది బస్తాలు తీసేస్తే, ధర ఎటు పోతుందో నేను చెప్పాల్సిన పని లేదు.

నెలకి ఒక్కసారి, అంతకంటే ఎక్కువ ఆడించను. ఈ ఏడాది నుంచి మొదలుపెట్టే ముందు ఫోన్లు లెక్కపెట్టి, తరవాత తలలు లెక్కపెడుతున్నాను.