ఏఎన్‌ఎంలకు జన్యు పాఠాలు: ఫోన్లోనా, ఎదురుగానా?

శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్‌ఎంలకు, స్టాఫ్ నర్సులకు వంశపారంపర్య జబ్బుల గురించి నేర్పాలంటే రెండు దారులు: ఆన్‌లైన్ కోర్సు, లేదా ఆసుపత్రిలో ముఖాముఖి శిక్షణ.

ఆన్‌లైన్ అయితే డ్యూటీ పోదు, మెళియాపుట్టి నుంచి శ్రీకాకుళం దాకా బస్సెక్కక్కర్లేదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు లెక్క అర్థం కావడానికి అది చాలు: భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోకూడదు.

కానీ అసలు పని మాట్లాడటంలో ఉంది. మేనరికాలున్న మన వైపు "పెళ్లికి ముందు మీ ఆయన నీకు వరసకు ఏమవుతారమ్మా?" అని అడిగి వంశవృక్షం గీయాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, దగ్గరి రక్తసంబంధంలో పెళ్లైతే ఇద్దరి మధ్య జంట గీత. సీనియర్ పక్కనుండగా నాలుగు కుటుంబాలకు గీస్తేనే చెయ్యి తిరుగుతుంది. వాహకురాలని తేలిన గర్భిణి "తప్పు నాదేనా?" అని ఏడిస్తే ఏం చెప్పాలో వీడియో నేర్పలేదు. అత్తగారి ముందు భర్తకూ పరీక్ష చేయించమనడం ఇంకా కష్టం.

డబ్బు ఒక్కదానికే ఉంటే ముఖాముఖి శిక్షణకే పెట్టమంటాను. లెక్కల పాఠం మాత్రం ముందురోజు ఫోన్లో చూసి రమ్మనాలి.