గోల్డ్ ఫిష్ పక్కన సక్కర్: నాలుగున్నరేళ్లు పెంచాక నా అనుభవం

2021 సంక్రాంతి సెలవుల్లో నెల్లూరులోని ఒక అక్వేరియం షాపులో రెండడుగుల తొట్టి, రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక సక్కర్ ఫిష్ కొన్నాను. గోల్డ్ ఫిష్‌లు మా పాప అడిగింది. సక్కర్ మాత్రం షాపతని మాటకు పడిపోయి కొన్నాను. "అన్నా, గాజుకు పట్టిన పాచంతా ఇదే నాకేస్తది, నువ్వు తొట్టి కడగాల్సిన పనే ఉండదు" అన్నాడు. వేలెడంత కూడా లేదు, నలభై రూపాయలు. కొనకుండా ఎవరుంటారు?

ఇప్పుడది అడుగు దాటింది. తొట్టి నేనే కడుగుతున్నాను, అప్పటికంటే ఎక్కువసార్లు.

షాపతను పూర్తిగా అబద్ధం చెప్పాడనను. మొదటి ఐదారు నెలలు నిజంగానే గాజు మీద పచ్చటి పొర కనపడనియ్యలేదు. పెరిగే కొద్దీ దానికి పాచి మీద మోజు పోయింది. గోల్డ్ ఫిష్‌లకు వేసిన మేత గింజలు అడుక్కి దిగితే చాలు, అక్కడికొచ్చి పడుకునేది. గాజు నాకిన దానికంటే అది పొడుగాటి దారాల్లా వదిలే మలమే ఎక్కువ. గోల్డ్ ఫిష్ కూడా తక్కువ తిన్నది కాదు. మన చెరువు బొచ్చెకు చుట్టమే అది, కార్ప్ కుటుంబం. దానికి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎంత పెట్టినా ఆకలిగా ఉన్నట్టే మూతి తెరుస్తుంది. ఇంత తిని ఇంత వదిలే చేపలను రెండు రకాలు తెచ్చి యాభై ఐదు లీటర్ల నీళ్లలో కలిపి పెట్టాను.

రెండో వారానికే గోల్డ్ ఫిష్‌లు పైకొచ్చి గుటకలు వేయడం మొదలెట్టాయి. మా బావకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఫోన్ చేస్తే సాయంత్రానికి నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ పట్టుకొచ్చాడు. చుక్కలు వేసి, రంగు చూసి, "ఏంది బామ్మర్దీ, నీ గాజు పెట్టెలో మా గుంటలో కంటే అమ్మోనియా ఎక్కువుంది" అన్నాడు. ఫిల్టర్ స్పాంజిని ఎక్కడ కడిగావని అడిగాడు. కుళాయి కింద, శుభ్రంగా, అన్నాను. తల పట్టుకున్నాడు. చేపల మలం నుంచి నీళ్లలో చేరే విషం అమ్మోనియా. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురముంటుంది. కొత్త తొట్టిలో అది కుదురుకోడానికే నెల, నెలన్నర పడుతుంది. నేను రెండు వారాలకే క్లోరిన్ నీళ్లతో కడిగి పారేశాను. అప్పటినుంచి తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే స్పాంజి పిండుతున్నాను. కొత్త నీళ్లకు బావ ఇచ్చిన, క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ గింజలు వాడుతున్నాను. గుంటలవాళ్లకు తెలిసిన ఈ విద్య చేపలమ్మే షాపులో ఒక్కరూ చెప్పలేదు, అదీ నా బాధ.

ఏడాది తిరక్కుండా మూడడుగుల తొట్టికి మారాను. నూట అరవై లీటర్ల దాకా పడుతుంది. వారానికి మూడో వంతు నీళ్లు మార్చేవాణ్ని. ఆ రెండేళ్లు బాగానే గడిచాయి. పగలంతా గోల్డ్ ఫిష్‌ల రాజ్యం, రాత్రి లైటు తీశాక సక్కర్ తిరుగుడు. ఒకదాని దారికి ఒకటి అడ్డం రాలేదు. మా అమ్మ మాత్రం సక్కర్‌ను చూసినప్పుడల్లా "బల్లికి రెక్కలు కట్టినట్టుంది" అనేది. నెల్లూరులో పుట్టి చేపకు బీరకాయ తినిపించే మనిషిని నన్నే చూశానని కూడా అనేది.

ఆ బీరకాయ వెనక కథ ఉంది. ఒక రోజు పొద్దున పెద్ద గోల్డ్ ఫిష్ ఒంటికి ఒక పక్కన రూపాయి బిళ్లంత మేర పొలుసులు తెల్లగా పాలిపోయి కనిపించాయి. జబ్బనుకున్నాను. రెండో రోజు ఇంకో మచ్చ. అనుమానమొచ్చి రాత్రి పన్నెండుకు సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే, సక్కర్ దాని ఒంటికి అతుక్కుని ఉంది. గోల్డ్ ఫిష్ ఒంటి మీది జిగురు పొరను నాకుతోంది. వెడల్పాటి ఒళ్లు, నిదానం నడక, రాత్రయితే కదలకుండా నిలబడే అలవాటు. సక్కర్‌కు అంతకంటే సులువైన తిండి ఏముంటుంది? తప్పు నాదే. పాచి తిని బతుకుతుందిలే అని దానికి వేరే మేతే పెట్టలేదు.

గోల్డ్ ఫిష్‌ను టబ్బులో పది లీటర్లకు ఇరవై గ్రాముల లెక్కన కల్లుప్పు కలిపి విడిగా పెట్టాను. మానడానికి మూడు వారాలు పట్టింది. అప్పటినుంచి రాత్రి లైటు తీశాక సక్కర్‌కు దోసకాయో, బీరకాయో ముక్క ఒకటి చెంచాకు గుచ్చి మునిగేలా వేస్తున్నాను. వారంలో మూడు రోజులు అడుక్కి మునిగే మేత బిళ్లలు కూడా. ఒక చెక్క మొద్దు పెట్టాను, గీరుకుంటుంది. ఆ తర్వాత మచ్చలు పడలేదు. అయినా నాకు నమ్మకం పోయింది.

ఎండల సంగతి వేరే. గోల్డ్ ఫిష్‌కు 18 నుంచి 24 డిగ్రీల నీళ్లు సుఖం. సక్కర్ దక్షిణ అమెరికా వేడి నదుల చేప, 24 నుంచి 28 దానికి హాయి. పుస్తకంలో ఈ జంటకు ఇదొక అభ్యంతరంగా రాసి ఉంటుంది. మన ఊళ్లో మాత్రం కష్టమంతా ఒకవైపే పడుతుంది. రోహిణి కార్తెలో మా హాల్లో తొట్టి నీళ్లు 33 దాకా పోయాయి. నీళ్లు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. గోల్డ్ ఫిష్‌లు గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ దగ్గరే వేళాడేవి. సక్కర్ మాత్రం సర్రున పైకొచ్చి గాలి మింగి దిగిపోయేది. మింగిన గాలి పొట్టలోంచే దానికి పనికొస్తుంది. మూత తీసి నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు తేలేసి రెండు మూడు డిగ్రీలు తగ్గించేవాణ్ని. ప్రతి మే నెల ఇదే టెన్షన్.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు మా వీధిలో ఒక రాత్రీ ఒక పగలూ కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టినా చిన్న గోల్డ్ ఫిష్ చనిపోయింది. సక్కర్‌కు ఏమీ కాలేదు. ఇద్దరు అద్దెకుంటే ఒకడు ఎప్పుడూ నెగ్గే ఇల్లు లాంటిదా తొట్టి.

ఇక పోయిన ఏడాది విడదీద్దామనుకున్నాను. వలతో పడితే సక్కర్ తన రెక్కల ముళ్లు నిగిడించింది. వల చిక్కుపడి, కత్తెరతో కోస్తే గానీ రాలేదు. మీరు పట్టాల్సి వస్తే వల వద్దు, ప్లాస్టిక్ డబ్బా వాడండి. షాపులో తిరిగి ఇద్దామంటే "ఇంత పెద్దది ఎవరు కొంటారన్నా" అన్నారు. మా వీధిలో ఒకాయన స్వర్ణాల చెరువులో వదిలేయమన్నాడు. ఆ పని మాత్రం చేయకండి. ఇలా వదిలేసినవే మన చెరువుల్లో, నదుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. గట్లు తొలిచి బొరియలు చేస్తాయి. ఒళ్లంతా ఎముక పలకలు కాబట్టి దాన్ని తినడానికి మన చేపలకు చేతకాదు. కృష్ణా వైపు జాలర్లు డెవిల్ ఫిష్ అంటున్నది దీన్నే. బావ కూడా "నా గుంటల దరిదాపుల్లోకి తేవద్దు" అన్నాడు.

చివరికి దానికోసమే నాలుగడుగుల తొట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నలభై రూపాయల చేపకు ఆరు వేలు. మిగిలిన గోల్డ్ ఫిష్ మూడడుగుల దాంట్లో ఒక్కటే ఉంటోంది. దానికి తోడు తేవాల్సి వస్తే ఇంకో గోల్డ్ ఫిష్‌నే తెస్తాను. గాజు పాచికి ముప్పై రూపాయల స్పాంజి గోకుడు కొన్నాను, రెండు నిమిషాల పని.

ఈపాటికే రెండూ కలిపి కొనేసినవాళ్లు ఉంటే, సక్కర్ జానెడు దాటక ముందే ఇంకో తొట్టి చూసుకోండి. అప్పటిదాకా రాత్రి మేత మరవకండి. పొద్దున లేవగానే గోల్డ్ ఫిష్ రెండు పక్కలా ఒకసారి చూడండి.