అనంతపురం బోరు నీళ్లకు తట్టుకునే కార్ షాంపూ, గుడ్డలు

ఇక్కడ కారు పెయింట్‌ను పాడుచేసేది దుమ్ము ఒక్కటే కాదు, బోరు నీళ్లు కూడా. బానెట్ మీద ఎండితే తెల్లమచ్చలు పడతాయి. అది సున్నం, షాంపూతో పోదు. తెల్ల వెనిగర్, ఆర్‌ఓ నీళ్లు సమంగా కలిపి, అందులో తడిపిన గుడ్డను మచ్చ మీద నిమిషం ఉంచి వెంటనే కడిగేయాలి. బానెట్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

షాంపూ కొంటే ‘పీహెచ్ న్యూట్రల్’ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని ఉన్నదే కొనండి. గిన్నెలు తోమే లిక్విడ్ చవకే గానీ, వ్యాక్స్ పూతను ఊడదీస్తుంది. ముందు ఉత్త నీళ్లతో మట్టి దించి, రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. ఒక్క బకెట్‌తో కానిస్తే ఇసుక మళ్లీ గుడ్డకెక్కి గీతలు పడతాయి. పొడిగుడ్డతో దుమ్ము దులపడం ఇంకా ఘోరం.

తుడవడానికి 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైబడిన మైక్రోఫైబర్ గుడ్డ మేలు. దాన్ని ఫ్యాబ్రిక్ కండిషనర్‌లో ముంచితే నీళ్లు పీల్చదు. మెరుపు కోసం జిడ్డు టైర్ పాలిష్ కొనడం మాత్రం డబ్బు దండగ, సాయంత్రానికి ఎర్రమట్టి అంటుకుంటుంది.