మూడు వేల రూపాయల తువ్వాలు: క్రాబీలో ఎనిమిది రోజులు

మా ఇంట్లో ఇప్పుడు 3,240 రూపాయల తువ్వాలు ఒకటి ఉంది. మామూలు తెల్ల నూలు తువ్వాలు, ఒక మూల దారాలు కూడా ఊడుతున్నాయి. థాయిలాండ్ దక్షిణాన అండమాన్ సముద్రం ఒడ్డున ఉన్న క్రాబీ ప్రావిన్సు నుంచి తెచ్చాం. తెచ్చామనేకంటే మా చేత కొనిపించారనడం న్యాయం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నలుగురం వెళ్ళాం: నేను, మా ఆవిడ, పదమూడేళ్ళ మా అమ్మాయి, మా దగ్గరే ఉండే అరవై ఆరేళ్ళ అత్తగారు. పండగ పూట ఇల్లు తాళం వేసి రావడం అత్తగారికి సుతరామూ ఇష్టం లేదు. "భోగి నాడు వేడినీళ్ళ తలస్నానం కూడా లేకుండా పరాయి దేశంలో ఏమిటి బాబూ" అని కాకినాడలో మొదలుపెట్టి విమానం ఎక్కేదాకా అంటూనే ఉన్నారు. హైదరాబాదు నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి గంటా ఇరవై నిమిషాల్లో క్రాబీ. రానూపోనూ మనిషికి 27,400 రూపాయలు, పండగ ధర. వీసా అవసరం లేకపోయింది. దేశంలో దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైనులో అరైవల్ కార్డు నింపవచ్చు, అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి. అచ్చం ప్రభుత్వానిదిలాగే ఉన్న ఒక సైటులో మా ఆవిడ కార్డు నంబరు సగం కొట్టి ఆగింది.

విమానాశ్రయం నుంచి ఆవ్‌నాంగ్ బీచికి బస్సు మనిషికి 150 భాట్లు. మేం డబ్బు మార్చినప్పుడు భాటుకు 2 రూపాయల 70 పైసలు పడింది.

ఆవ్‌నాంగ్‌లో మూడు రాత్రులకు తీసుకున్న లాడ్జి పేరు రాయను, రాస్తే నా రక్తపోటు పెరుగుతుంది. రోజుకు 2,150 భాట్లు. "సముద్రం కనిపించే గది" అన్నారు. అబద్ధమని చెప్పలేను. బాల్కనీ గోడ మీదికి వంగి మెడ ఎడమవైపు తిప్పితే, రెండు కొబ్బరిచెట్ల మధ్య అరచేతి వెడల్పున నీలంగా ఏదో కనిపించింది. అది సముద్రమే అని మా అమ్మాయి, కాదు ఈతకొలను మీద పరిచిన పట్టా అని మా ఆవిడ. ఏసీ నుంచి మంచం కాళ్ళ దగ్గర నీళ్ళు కారుతుంటే చెప్పాను. ఒక కుర్రవాడు వచ్చి బక్కెట్టు పెట్టి వెళ్ళాడు. మరమ్మతు అంటే అదే. రాత్రంతా టప్పు టప్పు. "బాగుంది, ధారాపాత్ర పెట్టారు. శివలింగం ఒకటే తక్కువ" అన్నారు అత్తగారు చీకట్లో.

దిగిన రోజునే 2,000 భాట్లు డిపాజిట్టు నగదుగా కట్టించుకున్నారు. రసీదు అడిగితే, రిజిస్టరులో రాశాం కదా అని నవ్వు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

ఇక అసలు సంగతి. అత్తగారు శాకాహారి. క్రాబీలో దాదాపు వంటలన్నిటిలో ఉప్పులో ఊరబెట్టిన చేపల నీరు, అదే నాంప్లా, ఉప్పు పడ్డట్టు పడుతుంది. కూరగాయల వేపుడు అని తెచ్చినదాంట్లోనూ ఉంటుంది. మూడు మాటలు నేర్చుకోండి: "మై సై నాంప్లా" అంటే చేపనీరు వేయవద్దని, "మై సై ఖై" అంటే గుడ్డు వేయవద్దని, "జే" అంటే పూర్తి శాకాహారం. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో జే జెండా కట్టిన దుకాణం కనిపిస్తే నిశ్చింతగా కూర్చోవచ్చు, వెల్లుల్లి కూడా ఉండదు. మాకు మొదటి మూడు రోజులు అలాంటిదేదీ కనబడలేదు. ఉత్తరాది హోటళ్ళున్నాయి కాని, గిన్నెడు పప్పుకు 180 భాట్లు పెట్టడానికి అత్తగారి మనసు ఒప్పలేదు. కొట్లో 25 భాట్లకు తెల్లన్నం పొట్లాం కొని, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయతో తినేవారు. మూడో రాత్రి ఆ సీసా మూత వదులై బల్ల మీద ఒలికింది. మా అమ్మాయి చేతికి అందిన తువ్వాలుతో తుడిచేసింది.

మర్నాడు ఖాళీ చేస్తుంటే కౌంటరు దగ్గర అమ్మాయి ఆ తువ్వాలు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి 1,200 భాట్లు అంది. మా తప్పు మాదే, ఉతుకు కూలి అడిగితే ఇచ్చేవాణ్ణి. బజారులో కొత్త తువ్వాలు 150కి వస్తుందని చూపించాను. అలమారు తలుపు లోపలివైపు అంటించిన ధరల కాగితం చూపించింది. తువ్వాలు 1,200, దుప్పటి 2,500, గదిలో కంపుకొట్టే దూరియన్ పండు తింటే 3,000. అలమారు తలుపు లోపలివైపు! థాయిలాండ్‌లో పర్యాటకుల పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఫోను తీశాను కూడా. బండికి వేళవుతోందని మా ఆవిడ, పరువు పోతోందని మా అమ్మాయి. అత్తగారు మాత్రం ఏమీ అనకుండా ముందుకొచ్చి ఆ పిల్ల చేతిలోంచి తువ్వాలు లాక్కుని సంచీలో పెట్టుకున్నారు. "డబ్బు తీసుకున్నారుగా, ఇది మనది" అన్నారు. తెలుగులోనే. ఆ పిల్ల మారుమాట్లాడలేదు.

ఇంత రాశాక ఆవ్‌నాంగ్‌లో చూసినవి రాయకపోతే అన్యాయం. రైలే బీచికి రోడ్డు లేదు, చుట్టూ నిలువు సున్నపురాతి కొండలు. పొడుగు పడవలో పావుగంట, మనిషికి 100 భాట్లు, ఎనిమిది మంది పోగైతే కదులుతుంది, చీకటి పడితే రేటు పెరుగుతుంది. పడవ ముక్కుకు రంగు గుడ్డలు, పూలదండలు కడతారు, పడవను కాపాడే అమ్మతల్లికట. అత్తగారు ఉప్పాడ పక్క ఊరిలో పెరిగిన మనిషి, అవి చూడగానే ముఖం విప్పారింది. కొండ అంచున ఫ్రా నాంగ్ గుహ ఉంది. జాలర్లు మొక్కు తీర్చుకుంటూ పెట్టిన చెక్క లింగాలు, చిన్నవీ పెద్దవీ, ఎర్రరంగు పూసినవీ గుట్టలుగా ఉన్నాయి. మా అమ్మాయి నవ్వాపుకోలేక సముద్రం వైపు తిరిగింది, మా ఆవిడ దాని కంటే ముందే తిరిగింది. అత్తగారు చెప్పులు విడిచి దండం పెట్టి, "వేటకెళ్ళిన మగవాళ్ళు తిరిగి రావాలని మొక్కుకున్నవి, నవ్వేదేముంది" అన్నారు.

ఫీఫీ దీవులు: స్పీడుబోటు 1,500, జాతీయ పార్కు టిక్కెట్టు 400, నడుము నొప్పి ఉచితం. మాయా బే తీరాన్ని జనం తాకిడికి పగడాలు పాడై 2018లో మూసి 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడు అక్కడ ఈత నిషేధం. మంచి నిర్ణయమే. కాని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫొటో తీయించుకోవడానికి నలుగురికి 7,600 భాట్లంటే నేను మళ్ళీ వెళ్ళను. ఆ డబ్బుతో దగ్గరలోని నాలుగు దీవులు చూడండి. ఆటు వేళ అడిగి వెళ్తే దీవుల మధ్య నీళ్ళలోంచి ఇసుకదారి తేలుతుంది.

ఆవ్‌నాంగ్ నుంచి క్రాబీ పట్టణానికి సాంగ్‌థ్యావ్ ఎక్కాం. రెండు బెంచీలు వేసిన ట్రక్కు, మనిషికి 60 భాట్లు. బీచిలో దిగేవాళ్ళు ఈ పట్టణాన్ని పట్టించుకోరు, అందుకే చవక. నది ఒడ్డున సందులో ఒక ముసలావిడ నడిపే ఇల్లు దొరికింది. గది 650 భాట్లు, డిపాజిట్టు లేదు, ఏసీ కారదు. ఆవిడకు ఇంగ్లీషు పది మాటలు వచ్చు, అత్తగారికి అయిదు. సామాను సర్దుతుంటే ఆవకాయ వాసనకు ఆవిడ ముక్కు ఎగబీల్చి సంచీ చూపించింది. అత్తగారు తువ్వాలు తీసి చూపి, వేళ్ళతో 1,200 లెక్కపెట్టి, నుదురు కొట్టుకున్నారు. ఇద్దరూ పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను కిటికీలోంచి చూశాను: గిన్నెలు తోమే సబ్బు, నిమ్మచెక్కలు, ఉప్పు, రెండు భాషల్లో ధారాళంగా మాటలు. దేన్ని తిట్టుకున్నారో తెలియదు, ఒకరి మాటకు ఒకరు తలలూపుకుంటూనే ఉన్నారు. నూనె జిడ్డు వదిలింది. పసుపు మాత్రం ఎండకే పోవాలని తీగ మీద ఆరేశారు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి పులి గుహ ఆలయం. కొండ మీది బుద్ధుడి దగ్గరికి 1,260 మెట్లు. కొన్ని మెట్లు మోకాలి ఎత్తున ఉన్నాయి. మా ఆవిడ మూడు వందల దగ్గర కూర్చుని, కింద కలుద్దామంది. కోతి నీళ్ళసీసా లాక్కుంది. పైనుంచి చూస్తే తాటాకు బుట్టలు బోర్లించినట్టు కొండలు. దిగాక రెండు రోజులు నేను మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

భోగి నాడు 2,000 భాట్లకు కారు మాట్లాడుకుని ఖ్లోంగ్ థోమ్ వైపు వెళ్ళాం. అడవిలో వేడినీటి వాగు రాళ్ళ మీదుగా జారి నదిలో కలుస్తుంది. నీళ్ళు తొలిచిన గుంటలు సహజంగానే తొట్లలా ఉన్నాయి. సుమారు నలభై డిగ్రీల వేడి, సరిగ్గా మన భోగినాటి గంగాళంలో నీళ్ళంత. ఎనిమిదిన్నరకు చేరాం కాబట్టి మేం తప్ప ఎవరూ లేరు. అత్తగారు చీర కొంగు బిగించి ఒక తొట్టిలో దిగి, మూడు దోసిళ్ళు నెత్తిన పోసుకుని, కళ్ళు మూసుకున్నారు. ఇరవై నిమిషాలు కదల్లేదు. మా ఆవిడ కంగారుగా "అమ్మా" అని పిలిస్తే, "మోకాళ్ళ నొప్పి పోతోంది, ఉండవే" అని జవాబు. కాకినాడలో మొదలైన సణుగుడు అక్కడితో ఆగింది. పదింటికి పర్యాటకుల వ్యాన్లు బారులు తీరాయి, అంతకు ముందే వెళ్ళండి.

దగ్గరలోనే ఎమరాల్డ్ పూల్. విదేశీయులకు 200 భాట్లు, థాయిలకు 20. పదింతలా అని మా ఆవిడ కస్సుమంది. తాజ్‌మహల్ దగ్గర మనకు 50, విదేశీయులకు 1,100 అని గుర్తు చేశాను. కొలను నిజంగానే పచ్చరాయి రంగు. ఇంకాస్త లోపలి నీలి కొలనులో దిగనివ్వరు.

తిరుగు దారిలో ఖ్లోంగ్ థోమ్ గుడి మ్యూజియం దగ్గర నేనొక్కణ్ణే దిగాను, మిగతావాళ్ళకు నిద్ర. ఒకప్పుడు ఇది రేవు, పూసలు తయారైన చోటు. ఇక్కడ దొరికినవాటిలో అరచేతిలో పట్టే గీటురాయి ఒకటుంది. దాని మీద బ్రాహ్మీ లిపిలో తమిళ మాటలు: పెరుంపతన్ కల్, అంటే పెద్ద కంసాలి రాయి. క్రీస్తు శకం మూడు నాలుగు శతాబ్దాలదంటారు. మన వైపు నుంచి సముద్రం దాటి వచ్చిన కంసాలి ఒకడు ఇక్కడ బంగారం గీచి అసలో నకిలీయో తేల్చేవాడన్నమాట. అలాంటి రాయి ఆవ్‌నాంగ్ లాడ్జి కౌంటరు మీద ఒకటి ఉండవలసింది.

నాలుగో రోజుకు తువ్వాలు తెల్లగా వచ్చింది. వెతికినా మరక లేదు. ముసలావిడకు అత్తగారు 200 భాట్లు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. మిగిలిన ఆవకాయ సీసా ఇస్తే రెండు చేతులా తీసుకుని, మూత తిప్పి వాసన చూసి, గట్టిగా బిగించింది.

మొన్న కనుమూరు నుంచి చుట్టాలు వస్తే, కాళ్ళు కడుక్కున్నాక తుడుచుకోవడానికి అత్తగారు ఆ తువ్వాలే అందించారు. వాళ్ళు తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు ధర చెప్పారు.